మందు రాసేది డాక్టరు... వేసేది ఇంట్లో అమ్మ!

*ఉన్న ఊరూ, కన్న దేశమూ వదిలి పరాయిగడ్డ మీద కొత్తగా కాపురం పెట్టుకున్న శరణార్థులకు వైద్యం చెయ్యడమంటే ఒక్క మందులివ్వడమేనా? వాళ్ళ ఇంటి పద్ధతులు కూడా కాస్త తెలుసుకోవద్దూ?*

బాలింతకు ఎవరైనా ఐసు వేసిన మంచినీళ్ళిస్తే మీరు చూస్తూ ఊరుకుంటారా? "అయ్యయ్యో, పచ్చి ఒళ్ళు! సన్ని కొడుతుంది" అంటూ ఆ గ్లాసు లాక్కుని కాచిన నీళ్ళిస్తారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, పత్యం వంట... పురిటింటి పద్ధతులు మనకి ఒకరు నేర్పక్కర్లేదు కదా!

ఇంచుమించు ఇలాంటి పద్ధతులే వున్న ఒక తల్లి 1982 జులైలో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని మెర్సెడ్ అనే ఊళ్ళో, ఆసుపత్రిలో ప్రసవించింది. ఆమెది లావోస్ దేశపు కొండల్లో వుండే మోంగ్ తెగ. మోంగ్ బాలింత నెలరోజులపాటు వేడి అన్నమూ, ఆకులూ వేళ్ళూ వేసి ఉడికించిన కోడిపులుసూ తప్ప వేరే తినదు. చల్లటిది తగిలితే రక్తం గడ్డకట్టి జీవితాంతం బాధపెడుతుందని వాళ్ళ నమ్మకం. అక్కడి నర్సు మాత్రం తమ అలవాటు ప్రకారం ఐసునీళ్ళు తెచ్చి ఇచ్చింది. వద్దనడానికి ఆమెకు ఇంగ్లీషు రాదు.

లావోస్‌లో ఆమెకు 12 కాన్పులూ ఇంట్లోనే అయ్యాయి. అక్కడ మావిని పారెయ్యరు. ఆడపిల్లదైతే తల్లిదండ్రుల మంచం కింద, మగపిల్లాడిదైతే ఇంటి నడిమి స్తంభం దగ్గర పాతిపెడతారు. మోంగ్ భాషలో మావికీ, తొడుక్కునే చొక్కాకీ ఒకటే మాట. చచ్చిపోయాక ఆత్మ తిరిగి పుట్టినచోటికి వచ్చి ఆ చొక్కా తొడుక్కుంటేనే ముందుకు పోతుందట. మెర్సెడ్ ఆసుపత్రి వాళ్ళు మాత్రం మావిని కాల్చేశారు. అడగనూ లేదు, చెప్పనూ లేదు. వాళ్ళకి అదొక విషయమే కాదు మరి!

ఆ పుట్టిన పాప పేరు లియా లీ. వైద్యవిద్య చదివే ఎంతోమందికి తర్వాతి కాలంలో ఆ పాప కథ ఒక పాఠమైంది. ఆ కథేమిటో చూద్దాం. దాన్లో ఇల్లు నడుపుకునే మనందరికీ పనికొచ్చే సంగతి ఒకటుంది.

తలుపు చప్పుడుకి ఆత్మ జారిపోయిందట!

ముందు వీళ్ళు అమెరికా ఎలా వచ్చారో రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికా వాళ్ళు లావోస్‌లో మోంగ్ యువకులను చేరదీసి తమ తరఫున రహస్యంగా యుద్ధం చేయించారు. 1975లో అమెరికా వెళ్ళిపోయింది. మోంగ్ కుటుంబాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్ శిబిరాలకు చేరుకున్నాయి. అక్కడినుంచి వేలాదిమందిని అమెరికా తీసుకెళ్ళి కాలిఫోర్నియా, మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో స్థిరపరిచారు. కొండపొలంలో వరి పండించుకునే మనిషి, చదవడం రాయడం రాని మనిషి, ఉన్నట్టుండి గ్యాసు పొయ్యిలూ ఫారాలూ వున్న ఊళ్ళో దిగాడన్నమాట!

లియాకి మూడో నెల. అక్క దబాల్న తలుపు వేసింది. ఆ వెంటనే పాప కళ్ళు తేలేసింది, చేతులు ఎగరేసింది, స్పృహ తప్పింది. తల్లిదండ్రులకి సంగతి వెంటనే అర్థమైంది. తలుపు చప్పుడుకి బెదిరి పాప ఆత్మ ఒంట్లోంచి జారిపోయింది, ఏదో దెయ్యం పట్టుకుంది. ఆ జబ్బుకి వాళ్ళ భాషలో పేరుంది... 'కావ్ దా పే'. అంటే దెయ్యం పట్టుకోగా పడిపోవడం. మనం మూర్ఛ అంటాం, ఫిట్స్ అంటాం. వాళ్ళకు ఆ జబ్బు భయమే కాదు, ఒకింత గొప్ప కూడా. అలా పడిపోయేవాళ్ళలో కొందరు పెద్దయ్యాక 'త్సి నెంగ్' అవుతారట. త్సి నెంగ్ అంటే మన పల్లెల్లో గణాచారిలాగా దేవతలతో మాట్లాడి జబ్బు నయం చేసే మనిషి.

అయినా వాళ్ళు పాపను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఒక్క సంగతి గమనించండి. వాళ్ళు ఆసుపత్రిని కాదనలేదు! కానీ వెళ్ళేసరికి ఫిట్స్ ఆగిపోయేవి. ఏం జరిగిందో చెప్పడానికి భాష లేదు. ఉన్న జలుబూ దగ్గూ చూసి ఊపిరితిత్తుల జబ్బనుకుని మందిచ్చి పంపేశారు. ఇలా రెండుసార్లు. 1983 మార్చిలో మూడోసారి వెళ్ళినప్పుడు పాప ఇంకా కొట్టుకుంటూనే వుంది. అప్పుడు గానీ అసలు జబ్బేమిటో తెలియలేదు.

23 సార్లు మారిన మందులు

అక్కణ్ణించి మొదలైంది గొడవ. డాక్టర్లు మంచివాళ్ళే. పగలూ రాత్రీ శ్రమపడ్డారు. జబ్బు మొండిది. నాలుగేళ్ళు నిండకుండానే మందుల చీటీ 23 సార్లు మారింది. ఈ మాత్ర పొద్దున సగం, ఆ మందు రాత్రి ఒక చెంచా, ఫలానాది వారం తర్వాత ఆపాలి... ఇంగ్లీషు చదవడం రాని ఇంట్లో ఈ లెక్క ఎవరు చూస్తారు? సీసాలకి రంగు కాగితాలు అంటించి చూశారు. లాభం లేకపోయింది.

లెక్క ఒక్కటే కాదు. కొన్ని మందులు వేస్తే పాప మంకుపట్టు పట్టేది, ఒకటే గొడవ చేసేది. తల్లి కళ్ళకి అది రోగం తగ్గడంలా కనబడలేదు, మందే రోగం తెచ్చిపెట్టినట్టు కనబడింది. తనకి మంచిదనిపించింది వేసింది, చెడ్డదనిపించింది మానేసింది. ఇంకోపక్క తాయెత్తులు కట్టింది, కోడినీ పందినీ బలిచ్చి ఆత్మను వెనక్కి పిలిపించింది. రక్తపరీక్షలో మందు తక్కువుందని తేలింది. డాక్టర్లకి అది నిర్లక్ష్యంగా తోచింది. అధికారులకు రాశారు. 1985లో పాపను తల్లి ఒడిలోంచి తీసి దాదాపు ఏడాదిపాటు వేరే ఇంట్లో పెట్టారు.

ఆ తల్లి ఎంత తల్లడిల్లి వుంటుందో మీకు నేను చెప్పాలా?

తర్వాత డాక్టర్లు ఒకే ఒక్క తాగే మందు రాసి పాపను ఇంటికి పంపించారు. అప్పుడు తల్లిదండ్రులు దాన్ని చక్కగా వేశారు! ఇన్నాళ్ళూ లోపం వాళ్ళ ప్రేమలో లేదు, లెక్క మోయలేనిదైపోయిందంతే. కానీ అప్పటికే ఆలస్యమైంది. 1986 నవంబరులో పెద్ద ఫిట్స్, దాంతోపాటు రక్తంలో ఇన్ఫెక్షను వచ్చి మెదడు దెబ్బతింది. ఇక బతకదని ఇంటికి పంపించారు. అమ్మ వదలలేదు. ఒళ్ళు తుడిచింది, ఎత్తుకుంది, నోట్లో ముద్ద పెట్టింది. కదలని, పలకని ఆ బిడ్డ అలా 26 ఏళ్ళు బతికి, 2012 ఆగస్టు 31న కన్నుమూసింది. అలా మంచాన పడ్డవాళ్ళకి వచ్చే పుళ్ళు రాకుండా చూసుకుంది ఆ అమ్మ. అశ్రద్ధ చేసే తల్లి అన్నవాళ్ళు ఆశ్చర్యపోయారు.

ఆన్ ఫాడిమన్ అనే రచయిత్రి రెండు పక్షాలవారినీ కలిసి ఈ కథ రాస్తే 1997లో పుస్తకంగా వచ్చింది. 'ది స్పిరిట్ క్యాచెస్ యూ అండ్ యూ ఫాల్ డౌన్' దాని పేరు. అమెరికాలో చాలా వైద్య కళాశాలల్లో విద్యార్థుల చేత దాన్ని చదివిస్తారు.

లోపం ఎక్కడ?

ఎవరి తప్పని వాదించుకుంటే తెమలదు. మన ఇంటి లెక్కలో చూడండి. మందు రాసేది డాక్టరే. కానీ ఆ చీటీ ఇంటికొచ్చాక దాన్ని నడిపేదెవరు? పరగడుపునా, అన్నం తిన్నాకా అని గుర్తుపెట్టుకునేదెవరు? ఏది పత్యం, ఏది కాదు అని తేల్చేదెవరు? ఇల్లాలే. ఆమెకు అర్థంకాని మందు, ఆమె నమ్మని మందు ఎంత ఖరీదైనదైనా అలమరలోనే వుండిపోతుంది. అందుకే పరాయిదేశం నుంచి వచ్చిన కుటుంబానికి వైద్యం చేసేవాళ్ళు ముందు ఆ ఇల్లాలిని ఒప్పించుకోవాలి. ఒప్పించాలంటే ముందు అడగాలి, వినాలి.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ క్లైన్‌మన్ అనే మానసిక వైద్యుడున్నారు. రోగిని ఏమడగాలో ఆయన ఎప్పుడో చెప్పారు. పెద్ద శాస్త్రమేమీ కాదు, పక్కింటి పిన్నిగారు అడిగేలాంటి ప్రశ్నలే. మన మాటల్లో చెప్పుకుంటే ఇవీ:

* ఈ జబ్బుని మీరేమంటారు?
* ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? ఇప్పుడే ఎందుకు వచ్చింది?
* లోపల ఇది ఏం చేస్తోందని మీ అనుమానం?
* ఎంత పెద్ద జబ్బు? త్వరగా పోతుందా, చాలాకాలం వుంటుందా?
* ఎలాంటి వైద్యం చేస్తే బావుంటుందని మీకుంది? దాంతో ఏం నయమవ్వాలి?
* దీనివల్ల ఇంట్లో మీకు వచ్చిన ఇబ్బందులేమిటి?
* అన్నిటికంటే మీ భయం ఏమిటి?

లియా తల్లిని మొదటి రోజునే ఈ ప్రశ్నలు అడిగి వుంటే? పాపకి నయమయ్యేదని ఎవరూ చెప్పలేరు. కానీ తలుపు చప్పుడు సంగతి బయటికొచ్చేది. ఒక్క మందు చాలని ముందే తట్టేదేమో!

గణాచారికి ఆసుపత్రిలో గుర్తింపు కార్డు

ఇప్పుడు ఒక మంచి కబురు. అదే మెర్సెడ్ ఊళ్ళో, మెర్సీ మెడికల్ సెంటర్ అనే ఆసుపత్రి 2009 నాటికి మోంగ్ గణాచారులను లోపలికి రానిచ్చే పద్ధతి పెట్టింది. చర్చి ఫాదరీలు రోగి దగ్గరికి వెళ్ళినట్టే వీళ్ళూ గుర్తింపు కార్డు పెట్టుకుని వెళ్ళవచ్చు. ఆత్మను పిలవడం, మెల్లగా మంత్రం చదవడం లాంటి 9 రకాల తంతులకు అనుమతి వుంది. అంతకుముందే ఒక స్వచ్ఛంద సంస్థ ఈ గణాచారులకు తరగతులు పెట్టి, ఆసుపత్రి చూపించి, డాక్టర్ల వైద్యం ఎలా పనిచేస్తుందో చెప్పింది. ఫలితం? "నేను ఆత్మ సంగతి చూస్తాను, నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళు" అని గణాచారే పంపించడం మొదలయింది. ఆయన మాట మీద వచ్చిన రోగి మందు మానేస్తాడా చెప్పండి!

థాయ్‌లాండ్‌లోని బాన్ వినాయ్ శిబిరంలో 1985లో జరిగిన సంగతి ఇంకా ముచ్చటగా వుంటుంది. కుక్కలకి రేబిస్ టీకా వేయించండని మైకుల్లో చెబితే ఒక్కరూ రాలేదు. డ్వైట్ కాంకర్‌గుడ్ అనే అమెరికన్, నాటకాలు తెలిసినవాడు, మోంగ్ కథల్లో వచ్చే పులి, కోడి వేషాలతో డప్పులు కొట్టి ఊరేగింపు తీయించాడు. మోంగ్‌వాళ్ళకి కోడి శకునం చెప్పే పక్షి. ఆ కోడి వేషగాడే రేబిస్ గురించి చెప్పాడు. మర్నాడు పొద్దున టీకాలు వేసేవాళ్ళకి ఊపిరి సలపనంతమంది కుక్కల్ని తెచ్చారు! మన ఊళ్ళల్లో కుటుంబ నియంత్రణ గురించి బుర్రకథలు చెప్పించడం గుర్తొస్తోంది కదూ?

వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ ఊళ్ళో హార్బర్‌వ్యూ ఆసుపత్రి 1994లో ఇంకో దారి పట్టింది. కంబోడియా, సోమాలియా, ఇథియోపియా నుంచి వచ్చినవాళ్ళలోంచే కొందరిని ఉద్యోగంలో పెట్టుకుంది. వీళ్ళు ఉత్త దుబాసీలు కాదు. ఇంటికి వెళతారు, వంటిల్లు చూస్తారు, ఇల్లాలి సందేహం డాక్టరుకీ, డాక్టరు ఉద్దేశం ఇల్లాలికీ చెబుతారు.

దుబాసీ అంటే గుర్తొచ్చింది. కొత్త దేశంలో అందరికంటే ముందు భాష వచ్చేది బడికెళ్ళే పిల్లలకే. దాంతో పదేళ్ళ పిల్లాడే అమ్మ నెలసరి బాధ డాక్టరుకి చెప్పాల్సి వస్తుంది. అమ్మ చెబుతుందా? సిగ్గుతో సగం మింగేస్తుంది. పెద్ద జబ్బని తేలితే ఆ మాట అమ్మకి పిల్లాడే చెప్పాలి. ఎంత ఘోరం! అందుకే అత్యవసరమైతే తప్ప పిల్లలచేత దుబాసీ పని చేయించకూడదని 2016లో అమెరికా ప్రభుత్వం నిబంధన తెచ్చింది.

పప్పన్నం తింటున్నా నీరసమే!

వంటింటి సంగతికి వద్దాం. దక్షిణ భూటాన్‌లో నేపాలీ మాట్లాడే ప్రజలు 1990 తర్వాత దేశం వదలాల్సి వచ్చి, నేపాల్‌లో ఝాపా, మోరంగ్ జిల్లాల శిబిరాల్లో పదిహేను, ఇరవై ఏళ్ళు గడిపారు. వాళ్ళలో చాలామంది హిందువులు. 2007 ఆఖరునుంచి లక్షమందికి పైగా 8 దేశాలకు వెళ్ళి స్థిరపడ్డారు. ఎక్కువమంది వెళ్ళింది అమెరికాకే.

అక్కడ పరీక్షల్లో ఒక వింత బయటపడింది. ప్రయాణానికి ముందు తీసిన రక్తం 99 మందిది చూస్తే 63 మందికి బి12 విటమిన్ లోటు! కారణం? శిబిరంలో ఇచ్చింది బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, చక్కెర, కాసిని కూరగాయలు. పాలూ, పెరుగూ, గుడ్డూ, మాంసమూ కొనుక్కునే స్తోమత లేదు. బి12 జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే వుంటుంది. లోటు ముదిరితే రక్తహీనత, అరికాళ్ళ తిమ్మిర్లు, మతిమరుపు వస్తాయి.

ఇలాంటివాళ్ళకి "గొడ్డుమాంసం తినండి" అని కాగితం ఇచ్చి పంపిస్తే ఏమవుతుంది? బుట్టలోకి పోతుంది. "పాలు, పెరుగు వాడండి. గుడ్డు తినే అలవాటుంటే తినండి. ఈ మాత్ర వేసుకోండి" అంటే ఆ రోజునుంచే అమలవుతుంది. వచ్చిన ప్రతి భూటాన్ శరణార్థికీ బి12 మాత్రలిమ్మని అమెరికా ఆరోగ్యశాఖ 2011లో సలహా ఇచ్చింది.

ఒంటి నీరసం కంటే పెద్దది మనసు నీరసం. 2009 ఫిబ్రవరికీ, 2012 ఫిబ్రవరికీ మధ్య వీళ్ళలో 16 మంది ప్రాణాలు తీసుకున్నారు. "మీకు మానసిక రోగం వుందా?" అని అడిగితే ఎవరు ఒప్పుకుంటారు? నేపాలీలో 'దిమాగ్' పాడయిందంటే పిచ్చి అని అర్థం, పరువు తక్కువ. 'మన్' బాగాలేదంటే దాన్లో సిగ్గుపడేదేమీ లేదు. మనకీ అంతేగా... "మతి పోయింది" వేరు, "మనసు బాగాలేదు" వేరు. "ఈమధ్య మీ మన్‌కి ఎలా వుంటోంది?" అని అడిగితే కన్నీళ్ళతో సహా అన్నీ బయటికొస్తాయి. ఒక్క మాట తేడా, అంతే!

అన్ని ఆచారాలకూ తల ఊపాలా?

అక్కర్లేదు. వియత్నాం, కంబోడియా తల్లులు జ్వరం వస్తే పిల్లాడి వీపు మీద నూనె రాసి నాణెంతో గీస్తారు. ఎర్రగా చారలు తేలతాయి. అమెరికాలో టీచర్లు అది చూసి పిల్లల్ని కొడుతున్నారని ఫిర్యాదులు చేసిన సందర్భాలున్నాయి. అది దెబ్బ కాదు, తల్లి చేసిన ఉపచారం. నాలుగు రోజుల్లో పోతుంది. ముంజేతికి కట్టే రక్షతాడూ అంతే. అపరేషనుకి అడ్డమైతే తప్ప కత్తిరించనక్కర్లేదు. మన పిల్లల మొలతాడు ఎవరైనా అడక్కుండా తెంపితే మనకెలా వుంటుంది?

కానీ మోంగ్ ఇళ్ళల్లో జ్వరానికి వాడే 'పేలువా' అనే ఎర్రపొడి సంగతి వేరు. దాన్లో సీసం వుందనీ, పిల్లలకి విషమెక్కిందనీ 1983లోనే బయటపడింది. దాన్ని మాన్పించి తీరాలి. ఎలా? తల్లిని తిట్టి కాదు, పొడి పరీక్షలో ఏం తేలిందో చూపించి. మంచిది ఉంచు, హాని లేనిది వదిలెయ్యి, చెడ్డది చెప్పి మాన్పించు. ఈ మూడు ముక్కలూ చాలు. మన దగ్గర పిల్లలకి వాతలు పెట్టే దురాచారానికీ ఇదే వర్తిస్తుంది.

మన ఇంటికి పనికొచ్చే మాటలు

2025 జనవరిలో అమెరికా కొత్త శరణార్థులను తీసుకోవడం చాలామటుకు ఆపేసింది. కానీ ఇదివరకే వెళ్ళి స్థిరపడినవాళ్ళు లక్షల్లో వున్నారు. అంత దూరం ఎందుకు? మన హైదరాబాదు బాలాపూర్‌లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలున్నాయి. వాళ్ళని మన దేశం స్థిరపరచలేదు, తలదాచుకుంటున్నారంతే. అయినా టీకా వేసే అమ్మాయి మాట వాళ్ళ ఇంటి తల్లికి అర్థమవ్వాలి కదా! కూతురి పురిటికని అమెరికా వెళ్ళే మన అమ్మలకీ ఆసుపత్రి ఐసునీళ్ళ సంగతి కొత్త కాదు. కాబట్టి ఇవి గుర్తుంచుకోండి:

* డాక్టరు దగ్గర నాటుమందు, కషాయం, పసరు ఏది వాడుతున్నా దాచకండి. వీలైతే ఆ పొట్లం తీసుకెళ్ళండి.
* పత్యం, ఉపవాసం, నోములు వుంటే మందు రాసేటప్పుడే చెప్పండి. వేళలు మార్చి రాయగలుగుతారు.
* మందులు ఎక్కువైతే "వీటిలో తగ్గించడానికి వీలుందా?" అని అడగండి. అడగడం తప్పు కాదు. సొంతంగా మానెయ్యడం మాత్రం తప్పు.
* విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి, "ఇంతేనా డాక్టరుగారూ?" అనండి. పొరపాటు అక్కడే తేలిపోతుంది.
* మాంసం, గుడ్డు తినని ఇంట్లో పాలూ పెరుగూ మానకండి. తిమ్మిర్లు, నీరసం వుంటే బి12 పరీక్ష గురించి అడగండి.
* ఫిట్స్ వచ్చినవారిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. తాళంచెవులు చేతిలో పెట్టినంత మాత్రాన తగ్గవు. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.
* విదేశంలో ఆసుపత్రికి వెళితే తెలుగు దుబాసీ కావాలని అడగండి. చాలాచోట్ల ఫోన్లో అయినా దొరుకుతారు. మనవడిని దుబాసీ చెయ్యకండి.
* మీ వీధిలోకి పరాయిభాష వాళ్ళు వచ్చి వుంటే, ఆ ఇంటి ఇల్లాలికి దగ్గరలో ఆసుపత్రి ఎక్కడుందో చూపించండి. మొదటిసారి తోడు వెళ్ళండి.

ఇందులో డబ్బు ఖర్చయ్యేది ఏదీ లేదు. "మీ ఇంట్లో ఎలా చేస్తారమ్మా?" అనే ఒక్క మాట చాలు. ఆ మాట అడిగించుకున్న తల్లి తనకు తెలిసిందంతా చెబుతుంది, చెప్పిందంతా వింటుంది. అలా విన్న తల్లి చేతిలో మందు వృథా పోదు.